గోడ ఇవతలి బజారునూ కాపాడండి

సంపాదకులకు నమస్కారం.

నేను సుల్తాన్ బజార్‌లో మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. చీర పట్టుకొస్తే దానికి సరిపోయే జాకెట్ ముక్క, లంగా, ఫాల్ గుడ్డ, లేసు ఇచ్చే కొట్టు మాది. మా తాత సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ ఒక సేఠ్ దగ్గర గుమాస్తాగా చేరాడు. తర్వాత సొంతంగా ఈ మల్గీ పెట్టుకున్నాడు. మా నాన్న హయాంలో ఇల్లంతా కొన్నాం. కింద మూడు మల్గీలు, పైన మేం. నాకు అరవై మూడేళ్ళు. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక పాత మేడ ఉండేది. పోయిన నెల రెండే రాత్రుల్లో దాన్ని పడగొట్టేశారు. మొదటి రాత్రి పదకొండు దాటాక జేసీబీ వచ్చింది. మా వీధిలో పగలు బండి నిలపడానికే జాగా ఉండదు కాబట్టి రాత్రి పని పెట్టుకున్నారని ముందు సర్దిచెప్పుకున్నాను. తెల్లారి చూస్తే వీధి వైపున్న చెక్క బాల్కనీ లేదు. మర్నాడు రాత్రికి వెనక గోడలూ లేవు. ఆ బాల్కనీ కింద నిలబడి మా అమ్మ నాకు స్కూలు చొక్కా గుండీలు పెట్టేది. వాన వస్తే వీధిలో సగం మంది దాని కిందికే చేరేవాళ్ళు.

పాత కలప కొనేవాళ్ళు ట్రాలీ ఆటోలో దూలాలు ఎక్కించుకుంటుంటే వెళ్ళి ఒక్క ముక్క అడిగి కొనుక్కున్నాను. బాల్కనీని కింద నుంచి మోసే టేకు కర్ర అది, అడుగున్నర ఉంటుంది. చివర చిలక ముక్కులా వంపు తిరిగి ఉంది. లోపలి వైపు ఆకుల తీగ చెక్కారు. గోటితో గీరితే ముందు ఆకుపచ్చ రంగు ఊడుతుంది, దాని కింద నీలం, ఆ కింద తెల్లసున్నం, అన్నిటికీ అడుగున అసలు కర్ర. ఒక్క మేకు లేదు, గాడి చేసి గూటంతో బిగించింది. ఇప్పుడది మా గల్లా పెట్టె పక్కన ఉంది. బేరానికి వచ్చిన ఆడవాళ్ళు చేత్తో తడిమి చూస్తున్నారు. ఎక్కడిదని అడిగితే చెప్పలేక నా గొంతు పట్టేస్తోంది.

ఆ మేడ యజమానిని నేను తిట్టడం లేదు. ఆయన కష్టం నాకు తెలుసు, దాని గురించి కింద రాస్తాను. ముందు అడగాల్సింది వేరే ఉంది. హైదరాబాద్‌లో పాత కట్టడాల జాబితా ఉందంటారు, చట్టం ఉందంటారు. మరి ఆ రెండు రాత్రులు ఆగండి అని చెప్పే హక్కు మా వీధిలో ఎవరికీ ఎందుకు లేకపోయింది? మర్నాడు నేనూ పక్క కొట్టు ఆయనా కలిసి ఒక ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి ఉద్యోగి కంప్యూటర్‌లో చూసి, "ఆ ఇల్లు లిస్టులో లేదండీ" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. ఆ ఒక్క మాటతో మా పని అయిపోయింది.

అప్పటి నుంచి ఆ లిస్టు సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టాను. మా నగరానికి పాత కట్టడాలను కాపాడే నిబంధన 1995లో వచ్చింది. పదమూడో నిబంధన అంటారు. 1998లో జాబితా ప్రకటించారు. తర్వాత చేర్చిన వాటితో కలిపి అందులో 150 దాకా కట్టడాలు చేరాయి. మన బండరాళ్ళ గుట్టలను కూడా కాపాడాలని వాటినీ కలిపారు. 2015 డిసెంబర్‌లో ప్రభుత్వం ఆ నిబంధనను రద్దు చేసింది. 2017లో రాష్ట్రానికి వారసత్వ చట్టం వచ్చింది. 2019 జూన్‌లో ఎర్రమంజిల్ అనే పాత నవాబు మేడ పడగొట్టి అక్కడ కొత్త శాసనసభ కట్టాలని మంత్రివర్గం తీర్మానం చేస్తే జనం హైకోర్టుకు వెళ్ళారు. ఆ మేడ కట్టించిన నవాబు ఫక్రుల్ ముల్క్ వంశం వాళ్ళూ వెళ్ళారు, ఏ సంబంధం లేని మామూలు పౌరులూ వెళ్ళారు. 2019 సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. ఎర్రగుట్ట మీద కట్టిన మేడ అది. మన తెలుగు 'ఎర్ర', స్వర్గమనే అర్థం ఉన్న పారసీ 'ఇరమ్' ఒకే పేరులో కలిసిపోయాయి. ఆ రోజు వార్త చూసి మా వీధిలో కూడా మిఠాయి పంచుకున్నారు.

అయితే ఎర్రమంజిల్ ఒక మేడ. దానికి పేరుంది, నవాబు ఉన్నాడు, దాన్ని చూస్తే ఎవరికైనా రాజసం కనిపిస్తుంది. మా బజార్లో ఏ ఒక్క ఇంటికీ అంత పేరు లేదు. మా ఇల్లు ఒక్కటే తీసుకుని చూస్తే అందులో ఏముంది? కింద మల్గీ, పైన రెండు గదులు, చెక్క మెట్లు. కానీ ఇలాంటి ఇళ్ళు నలభై వరుసగా, భుజం భుజం ఆనించుకుని నిలబడితే అది బజారు అవుతుంది. అందులో ఒక్కొక్కటే తీసేస్తూ పోతే ప్రతిసారీ "లిస్టులో లేదండీ" అనే మాటే వినబడుతుంది. చివరికి లిస్టులో ఉన్నవి మాత్రం మిగిలి, చుట్టూ ఊరు ఉండదు.

పాత పదమూడో నిబంధన పేరులోనే కట్టడాలతో పాటు ప్రాంతాల మాట కూడా ఉంది. ఇంగ్లీషులో హెరిటేజ్ ప్రెసింక్ట్ అంటారు. అంటే మొత్తం గల్లీని, దాని ఎత్తును, వెడల్పును, ఇళ్ళ ముఖాలను కలిపి ఒక్కటిగా చూడటం. మేం అడిగేది ఇదే. కోఠి రెసిడెన్సీని కాపాడినట్టే దాని గోడ ఇవతల ఉన్న బజారునూ కాపాడండి.

రెసిడెన్సీ అంటే కోఠి మహిళా కళాశాల భవనం, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరున్న మహిళా విశ్వవిద్యాలయం. కిర్క్‌పాట్రిక్ అనే బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో ఇంగ్లీషు వాళ్ళ ప్రతినిధి, కాలంలో, నిజాం ఖర్చుతో కట్టింది. పెద్ద పెద్ద స్తంభాలు, మెట్లకు రెండు వైపులా సింహాల బొమ్మలు. చాలా ఏళ్ళు పాడుబడి ఉంది. 2002లో ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలోకి ఎక్కింది. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సాయంతో మరమ్మతులు చేశారు. మా చెల్లెలు అక్కడే డిగ్రీ చదివింది, నాకు ఆ భవనమంటే ప్రాణం. అది నిలబడినందుకు చేతులెత్తి దండం పెడతాను.

కానీ ఆ రెసిడెన్సీ ఒక్కటే గాల్లో నిలబడి లేదు కదా. దాని చుట్టూ పుట్టిందే మా బజారు. రెసిడెన్సీ బజార్లు అనేవాళ్ళు. ఇక్కడ నిజాం కొత్వాలు అధికారం చెల్లేది కాదు, రెసిడెంటు పాలన నడిచేది. 1933లో తిరిగి నిజాం చేతికి ఇచ్చాక సుల్తాన్ బజార్ అన్నారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో వచ్చి రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు ఎక్కడి నుంచి కాల్పులు జరిపారు? పుత్లీబౌలి వైపు, రెసిడెన్సీ గోడకు ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ ఇళ్ళలో దూరి అక్కడి నుంచి కాల్చారు. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత చంపి శవాన్ని వేలాడదీశారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు. కోఠిలో స్మారక స్తంభం ఉంది. నేను చెప్పేదేమిటంటే, ఆ తుపాకులు పేలింది బజారు ఇళ్ళలోంచి. ఆ కథ ఎవరికైనా చెప్పాలంటే గోడకు అటు పక్కా ఉండాలి, ఇటు పక్కా ఉండాలి.

ఇక తెలుగువాళ్ళుగా మనకు సంబంధించిన సంగతి. శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం అనే లైబ్రరీ మా బజార్లోనే ఉంది. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా గారు దాని వెనక ఉన్నారు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పుస్తకానికి ఒక గది దొరికింది ఇక్కడే. నిజాం ఆంక్షలు రెసిడెన్సీ బజార్లలో అంతగా చెల్లకపోవడం దానికి కలిసొచ్చింది. మా తాతకు చదువు అంతంత మాత్రం. అయినా మల్గీ కట్టేశాక ఆ లైబ్రరీకి వెళ్ళి ఎవరో ఒకరు పత్రిక పైకి చదువుతుంటే విని వచ్చేవాడని మా నాన్న చెప్పేవాడు.

1921 నవంబర్‌లో వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కార సభ జరిగింది. ఆడవాళ్ళ చదువు కోసం పాటుపడిన మహర్షి కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడితే విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి, ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో కొందరు కూర్చుని ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారు, బూర్గుల రామకృష్ణారావు గారు వాళ్ళలో ఉన్నారు. ఒక జాతి లేచి నిలబడటానికి సభామందిరం ఎంత అవసరమో, రాత్రి పూట పదిమంది చాప వేసుకుని కూర్చోవడానికి ఒక ఇల్లూ అంతే అవసరం. ఆ ఇళ్ళు ఏ లిస్టులో ఉంటాయి? రావిచెట్టు వారి ఇల్లు, టేకుమాల వారి ఇల్లు నవాబుల మేడలు కావు. మావి లాంటి ఇళ్ళే.

మెట్రో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పాత కోపంతో రాస్తున్నానని అనుకుంటారు. బడీచౌడీ మీదుగా మెట్రో వద్దని మా వ్యాపారులు ఏళ్ళ తరబడి ధర్నాలు చేశారు, కొట్లు బంద్ పెట్టారు. నేనూ కూర్చున్నాను. మార్గం మారుస్తారన్న మాట వచ్చింది, పోయింది. చివరికి జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ లైను 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. మా పేరుతోనే స్టేషన్ ఉంది. ఇప్పుడు మా బేరాల్లో చాలామంది ఆ రైలు దిగే వస్తున్నారు, ఆ మాట దాచను. నాకు బాధ ఏమిటంటే, ఆ గొడవంతా జరిగినన్నాళ్ళూ మేం నష్టపరిహారం గురించి, బేరాల గురించే మాట్లాడాం. మా బజారు చరిత్రలో ఏముందో ఒక్క కాగితం రాసి పెట్టుకోలేదు. పిల్లర్లు లేచాక ఫలానా ఇంటి ముఖం ఎలా ఉండేది అని అడిగితే చూపించడానికి ఒక్క ఫొటో లేదు. గౌలిగూడ బస్టాండు మీదున్న పెద్ద రేకుల గుమ్మటం కూడా అంతే. 2018 జూలైలో కూలిపోయింది. ముందే బస్సులు ఆపేయబట్టి ప్రాణాలు దక్కాయి. మా అత్తగారి ఊరి బస్సు ఎక్కడానికి ఎన్నిసార్లు ఆ గుమ్మటం కింద నిలబడ్డానో. చెమటలు పట్టే ఎండాకాలంలో తల పైకెత్తి చూస్తే ఆకాశమంత ఎత్తు ఉండేది.

అందుకే ఈసారి రాసి పెట్టుకుందామని బయలుదేరాం. మాది రిజిస్టరు అయిన సంఘం కాదు. నేను, పక్కన బ్యాగుల కొట్టు గుజరాతీ ఆయన, లైబ్రరీకి రోజూ వచ్చే ఒక రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ గారు, ఆర్కిటెక్చర్ చదువుతున్న ఒక అమ్మాయి, వాళ్ళ క్లాసు పిల్లలు ముగ్గురు. ఆదివారం మధ్యాహ్నం బజారు తిరుగుతాం. ప్రతి పాత ఇంటికీ ఒక పేజీ. ఎన్ని అంతస్తులు, గోడ సున్నమా సిమెంటా, బాల్కనీ ఉందా, తలుపులు ఎలాంటివి, ఎవరు ఎప్పుడు కట్టారని ఇంటివాళ్ళు చెప్పుకుంటారు, కింద ఏ వ్యాపారం, పైన ఎవరైనా కాపురం ఉంటున్నారా. ఇప్పటికి రెండు నోటు పుస్తకాలు నిండాయి.

మొదటి ఆదివారమే ఒక పాఠం నేర్చుకున్నాం. టేపు పట్టుకుని కొలుస్తుంటే పై నుంచి ఒక పెద్దావిడ, "ఎవరు నాయనా, రోడ్డోళ్ళా?" అని కేకేసి ధడేల్మని కిటికీ వేసేసింది. సర్వే అంటే చాలు మా దగ్గర జనం భయపడతారు. కొలతలు తీసుకున్న తర్వాత గోడ మీద ఎర్ర గీత పడుతుందని, ఆ గీత దాకా ఇల్లు పోతుందని వాళ్ళ అనుభవం. అప్పటి నుంచి టేపు సంచిలోనే ఉంచుతున్నాం. ముందు నేను వెళ్ళి, "అమ్మా, నేను ఫలానా మ్యాచింగ్ సెంటర్ వాణ్ణి, మీ కోడలి పెళ్ళి జాకెట్లకు గుడ్డ మా దగ్గరే తీసుకున్నారు" అని గుర్తు చేస్తాను. అప్పుడు తలుపు తీస్తారు. ఆ పెద్దావిడే తర్వాత మమ్మల్ని పైకి రమ్మని చాయ్ ఇచ్చింది. వంటింట్లో నేల చూపించింది. నలుపు, తెలుపు, ఇటుక ఎరుపు బిళ్ళలు, పొయ్యి దగ్గర మాత్రం నడిచి నడిచి పువ్వు అరిగిపోయింది. "నా అత్తగారి కాళ్ళు, నా కాళ్ళు" అని ఆమె ఆ చోటు వేలితో చూపించింది. మా ఆర్కిటెక్చర్ అమ్మాయి అది ఫొటో తీస్తూ కళ్ళు తుడుచుకుంది.

ఇలా తిరిగాకే నాకు ఇంటి యజమానుల కష్టం పూర్తిగా అర్థమైంది. నాదీ అదే కష్టం. మా కింద మల్గీల్లో ఒకటి నాన్న కాలం నుంచి ఒక గడియారాల రిపేరు ఆయనకు పగిడీ మీద, అంటే మొదట్లో ఒకసారి మొత్తం తీసుకుని ఆ తర్వాత నామమాత్రపు అద్దెకు ఇచ్చిన పద్ధతిలో ఉంది. ఆయన నెలకు ఇచ్చే అద్దెతో ఇంటికి ఒక డబ్బా పెయింటు కూడా రాదు. ఆయన మంచివాడు, పొమ్మనలేను, పొమ్మన్నా 1960 నాటి అద్దె చట్టం పట్టుకుని కోర్టుల చుట్టూ తిరగాలి. మా బజార్లో చాలా ఇళ్ళ కథ ఇదే. అన్నదమ్ముల వాటాలు, అద్దె రాని మల్గీలు, కారే కప్పు. అప్పుడు ఒక బిల్డరు వచ్చి అయిదంతస్తులు వేస్తాను, అందరికీ తలా కొంత ఇస్తాను అంటాడు. మా తమ్ముడు కూడా నాతో, "అన్నా, పాత ఇల్లని ముద్దు పెట్టుకుంటే ఎవరు డబ్బులిస్తారు? పిల్లల చదువులకు ఏం చేద్దాం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రశ్నకు ప్రభుత్వం జవాబు ఇవ్వకుండా ఇళ్ళను లిస్టులో పెడితే, లిస్టు ప్రకటించే ముందు రోజు రాత్రే జేసీబీలు వస్తాయి. ఇది బెదిరించడానికి అనడం లేదు, మా బజారు నాడి తెలిసి చెబుతున్నాను.

రోడ్డు వెడల్పుకు జాగా ఇచ్చినవాళ్ళకు టీడీఆర్ పత్రాలు, అంటే కట్టుకునే హక్కును వేరేచోటికి మార్చుకునే పత్రాలు, ఇస్తున్నారు. ఆ పత్రం అమ్ముకుంటే కొన్నవాళ్ళు ఊళ్ళో ఇంకోచోట అదనపు అంతస్తు వేసుకుంటారు. ఇల్లు పడగొట్టినందుకు అది ఇవ్వగలిగినప్పుడు పడగొట్టకుండా నిలబెట్టినందుకు ఎందుకు ఇవ్వరు? మా తమ్ముడి ప్రశ్నకు అదొక జవాబు. అహ్మదాబాద్‌లో పోళ్ళు అనే పాత గల్లీల్లో ఇళ్ళ వాళ్ళకు ఇలాంటి హక్కులు ఇస్తున్నారు. అక్కడ 1997 నవంబర్‌లో నగరపాలక సంస్థే పొద్దున్నే జనాన్ని గల్లీల్లో నడిపించడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2017లో, ఆ కోట లోపలి నగరం మొత్తానికి యునెస్కో ప్రపంచ వారసత్వ నగరమని గుర్తింపు వచ్చింది. ఒక్క మసీదుకో ఒక్క గుడికో కాదు, కాపురాలు ఉంటున్న గల్లీలకు వచ్చింది. ముంబైలో ఓవల్ మైదానం చుట్టూ ఉన్న భవనాలకు 2018లో గుర్తింపు వచ్చిందంటే అక్కడి నివాస సంఘాలు, ఆర్కిటెక్టులు ఏళ్ళ తరబడి పట్టుబట్టడం వల్లే. మాకు ప్రపంచ గుర్తింపు వెంటనే రావాలని కాదు. ముందు మన ఊరు మమ్మల్ని గుర్తిస్తే చాలు.

రెండో అడ్డంకి మరమ్మతు. మా ఇంటి వెనక గోడ వానాకాలంలో చెమ్మ పట్టి పెచ్చులు ఊడుతుంటే పదేళ్ళ కింద సిమెంటు కొట్టించాను. మూడేళ్ళలో ఇంకా ఎక్కువ ఊడింది. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలి మేస్త్రీ చెయ్యి పెట్టి చూసి అన్నాడు: "సున్నం గోడ ఊపిరి పీలుస్తది సారూ. నువ్వు దాని ముక్కు మూసినవ్." లోపలి తడి బయటికి పోయే దారి లేక సిమెంటు పొర వెనకే నిలిచిపోయి సున్నాన్ని తినేసిందట. సిమెంటంతా చెక్కించి డంగు సున్నం వేయించాం. సున్నం రాయి రోజుల తరబడి నానబెట్టి, ఇసుక కలిపి మెత్తగా దంచి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి కలిపారు. ఇల్లంతా వారం రోజులు బెల్లం వాసన. ఆ గోడ ఇప్పటికి ఏడు వానలు చూసింది, చేత్తో తాకితే పొడిగా ఉంటుంది. ఆ మేస్త్రీ ఇప్పుడు లేడు. ఆ పని తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎంతమంది మిగిలారో వాళ్ళను వెతికి, కుర్రవాళ్ళకు నేర్పించి, మాలాంటి వాళ్ళకు ఫలానా చోట దొరుకుతారని చెప్పే ఏర్పాటు కావాలి. చౌమహల్లా ప్యాలెస్ బాగు చేసినప్పుడు, కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర మెట్ల బావులు బాగు చేసినప్పుడు ఈ సున్నం పనే చేశారు, వాటికి యునెస్కో అవార్డులు కూడా వచ్చాయి. అదే చేతిపని మామూలు ఇంటికీ అందాలి. బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్ల బావిని తవ్వి బాగు చేసి 2022 డిసెంబర్‌లో మళ్ళీ జనానికి ఇచ్చారు కదా. మన వాళ్ళకు చేతకాదని ఎవరూ అనలేరు.

కాబట్టి మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. రెసిడెన్సీ గోడ దగ్గర మొదలుపెట్టి బ్యాంక్ స్ట్రీట్, సుల్తాన్ బజార్, గుజరాతీ గల్లీ, బడీచౌడీ, పుత్లీబౌలి, రాంకోఠి, అటు వివేకవర్ధని వైపు గౌలిగూడ దాకా ఒక్క గీత గీసి, దాన్ని వారసత్వ ప్రాంతంగా ప్రకటించండి. గీత గీసే ముందు మాతో కూర్చోండి. అద్దెకున్నవాళ్ళతో, ఇంటివాళ్ళతో, ఫుట్‌పాత్ మీద గాజులు, క్లిప్పులు అమ్ముకునే వాళ్ళతో కూడా. బజారంటే గోడలు మాత్రమే కాదు, వాళ్ళను వెళ్ళగొట్టి ఇళ్ళకు రంగులు వేస్తే అది మా సుల్తాన్ బజార్ కాదు. ఆ పని అయ్యేలోగా, వందేళ్ళ ఇల్లు ఏది పడగొట్టాలన్నా ముందు నోటీసు అంటించి, కొలతలు, ఫొటోలు తీసి, ఒక నెల ఆగాకే అనుమతి ఇవ్వండి. రాత్రి పూట కూల్చివేతలు ఆపండి. వీటికి కోట్లు అక్కర్లేదు. మా రెండు నోటు పుస్తకాలు ఎవరడిగినా జిరాక్స్ తీసి ఇస్తాం.

మా మల్గీ తలుపు గురించి ఒక్కమాట రాసి ముగిస్తాను. మాకు షట్టర్ లేదు. పదకొండు టేకు పలకలు, గడప గాడిలో ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టాలి. ఏది ఏ స్థానంలోదో తెలియడానికి ఒక్కో పలక అంచున వడ్రంగి ఉలితో గాట్లు పెట్టాడు, ఒకటి, రెండు, మూడు అని. చీకట్లో కూడా వేలితో తడిమి వరుస పెట్టేయొచ్చు. పడగొట్టిన ఆ మేడకు కూడా అచ్చం ఇలాంటి పలకలే ఉండేవి, అవే గాట్లు. ఒకే వడ్రంగి చేసి ఉంటాడని పోస్ట్‌మాస్టర్ గారు అన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇంకా ఏయే ఇళ్ళకు అవే గాట్లున్నాయో వెతుకుతున్నాం. ఇప్పటికి మూడు దొరికాయి.

పాఠకులకు ఒక విన్నపం. తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి పెళ్ళి బట్టలకు మా బజారుకు వచ్చిన కుటుంబాలు వేలల్లో ఉంటాయి. పాత ఆల్బమ్‌లు ఒకసారి తిరగేయండి. ఎవరో చీర సంచులు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంటారు, వెనక మా వీధి ఉంటుంది. ఒక బాల్కనీ, ఒక కమాన్, ఒక కొట్టు బోర్డు ఏది కనిపించినా మాకు విలువైనదే. ఈసారి బజారుకు వచ్చినప్పుడు ఆ ఫొటో పట్టుకురండి. ఆదివారం మూడు గంటల నుంచి భాషానిలయం గేటు దగ్గర మేం ఉంటాం. అక్కడే ఫోనుతో తీసుకుని, అసలు ఫొటో మీ చేతికే ఇచ్చేస్తాం. పడిపోయిన ఆ మేడ బాల్కనీ ఉన్న ఫొటో ఎవరి దగ్గరైనా దొరికితే ముందు నాకే చూపించండి.

ఇట్లు,
ఒక మ్యాచింగ్ సెంటర్ యజమాని,
సుల్తాన్ బజార్, హైదరాబాద్.